తెల్లగుర్రం నుదుటి మీద బండారు

ఈ ఉదయం ఆరూ పదికి పప్పులో పసుపు వేస్తుంటే చెంచా జారి తెల్లచొక్కా చేతి మీద పడింది. సౌదీలోని హుఫూఫ్‌లో మేం నలుగురం వండుకునే గది ఇది, రోజూ ఏదో ఒకటి ఒలుకుతూనే ఉంటుంది. కంపెనీ బస్సు వచ్చేలోగా పోతుందేమోనని బట్టల సబ్బు పెట్టి రుద్దాను. మరక పోకపోగా ఎర్రబడింది. పక్కమంచం ఆయన చూసి, రక్తమా అని అడిగాడు. కాదని తల ఊపి చొక్కా మార్చుకున్నాను. దారి పొడుగునా మా బావే గుర్తుకొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. పోయిన ఎండాకాలంలో ఇక్కడే నిద్రలో పోయాడు. పోయినవాళ్ళను గొప్పవాళ్ళుగా రాయడం తేలిక, అందుకని జాగ్రత్తగా రాస్తాను. ఆయన గొప్పవాడేమీ కాదు. అన్నంలో ఉప్పు తక్కువైతే అలిగేవాడు. ఫోన్లో అక్కతో మాట్లాడుతూ మధ్యలో నిద్రపోయేవాడు. తాపీపని వీసా మీద వచ్చి, ఒక పెద్దాయన ఖర్జూరపు తోటలో నీళ్ళతొట్టి కట్టడానికి వెళ్ళాడు. ఆ తోటలో గుర్రాల లాయం ఉంది. సిమెంటు కలుపుతుంటే ఒక తెల్ల ఆడగుర్రం వెనక నుంచి వచ్చి ఆయన భుజం మీద మూతి పెట్టిందట. వాళ్ళ ఇంటిదేవుడు మల్లన్న. మా వైపు ఇళ్ళలో ఉండే పటాల్లో మల్లన్న తెల్లగుర్రం మీదే కూర్చుని ఉంటాడు. బావకు ఇంకేం కావాలి? తొట్టి పూర్తయ్యాక కూడా తోట వదల్లేదు. లాయం ఊడ్చే పని అడిగి పుచ్చుకున్నాడు. కాగితాల మీద కూడా ఆ పెద్దాయనే బావకు కఫీల్, అంటే వీసాకు పూచీపడే యజమాని, అయ్యాడు.

ఊడ్చేవాడు కొన్నేళ్ళలో గుర్రాలకు పాఠం చెప్పేవాడయ్యాడు. అక్కడ గుర్రాలకు అందాల పోటీలు పెడతారు, వాటిలో పరుగు పెద్ద సంగతి కాదు. బరిలో గుర్రం నాలుగు కాళ్ళూ కుదురుగా పెట్టి, మెడ చాచి, చెవులు నిక్కించి నిలబడాలి. మనిషి పగ్గం పట్టుకుని ఎదురుగా ఉంటాడు. చాలామంది చేతిలో కొరడా ఉంచుకుంటారు. బావ ఉంచుకునేవాడు కాదు. లాయంలోకి చెప్పులు విడిచే వెళ్ళేవాడు. ఒకసారి గుర్రం తొక్కి బొటనవేలి గోరు ఊడిపోతే, పెద్దాయన కోప్పడి బూట్లు కొనిచ్చాడు. వాటిని రోజూ కడిగి, లాయంలో తప్ప ఇంకెక్కడా తొడిగేవాడు కాదు. అంటే మామూలు మనుషుల లెక్కకు తలకిందులన్నమాట.

నేను శుక్రవారాలు సెలవు కాబట్టి వెళ్ళేవాణ్ణి. ఒకసారి వేళాకోళంగా అన్నాను: "నువ్వు దేవుని గుర్రమని సాదుతున్నవ్. కఫీల్ కొడుకేమో ఎక్కి తిరుగుతుండు గద బావా."

"తిరగనియ్ బామ్మర్దీ. దేవుడు వచ్చేదాంక దానికి అలవాటు తప్పద్దు గద" అన్నాడు, దువ్వెన ఆపకుండా.

పెద్దాయనకు కూడా ఆ తెల్లగుర్రం మీద ఒక నియమం ఉండేది. ప్రతి ఉదయం నమాజు అయ్యాక వచ్చి, దాని నుదుటి జుట్టు మీద అరచెయ్యి ఉంచి, మెల్లగా ఖురాను మాటలు చదివి, ఊది వెళ్ళేవాడు. గుర్రం నుదుట మేలు ఉంటుందని ఆయన నమ్మకం.

ఒక ఏడాది పోటీకి ఆ గుర్రాన్ని బరిలోకి ఎవరు తీసుకెళ్ళాలన్నది తండ్రీకొడుకుల మధ్య తగువైంది. బాగా పేరున్న మనిషిని కుదుర్చుకుందామని కొడుకు. సాకినవాడే నడిపించాలని తండ్రి. చివరికి తండ్రి మాట నెగ్గింది. అయితే గుర్రం పరువు తీస్తే ఈ మనిషిని ఇంటికి పంపించేస్తానని కొడుకు బావ ముందే చెప్పాడు. బావ ఇకామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, గడువు కూడా దగ్గరపడింది. బావ మాత్రం ఇంటి గురించి ఒక్క మాటా అనలేదు, ఆ గుర్రాన్ని వదిలి ఉండడం గురించే అన్నాడు.

పోటీ శుక్రవారం. నేను నీళ్ళు మొయ్యడానికి వెళ్ళాను. అక్క పంపిన మల్లన్న బండారు, అంటే గుళ్ళో ఇచ్చే పసుపు, చిటికెడు తీసి బావ గుర్రం నుదుట పెట్టాడు. జుట్టు కింద ఎవరికి కనబడుతుందనుకున్నాడు. ఎండకు గుర్రానికి చెమట పట్టింది. పసుపు కరిగి ముక్కుదాకా కారింది. కంగారులో నేను నా సంచిలోని బట్టల సబ్బు అందించాను. రుద్దేసరికి తెల్లటి మొహమంతా ఎరుపు.

కొడుకు చూసి, రక్తం రక్తం అని పరుగెత్తుకొచ్చాడు. వెనకే పెద్దాయన వచ్చాడు. వేలితో తుడిచి వాసన చూశాడు.

"ఇది వంటింటి పసుపు. ఎవరు పెట్టారు?"

నేను తెలుగులో గొణిగాను. "మందని చెప్పు బావా. ఈగ కుట్టిందను."

"దాని మొహం ముందట నిలబడి అబద్ధమెట్ల ఆడుతరా?" అన్నాడు బావ. తర్వాత తనకు వచ్చిన అరబ్బీలో చెప్పాడు. మా దేవుడిది తెల్లగుర్రం. దీన్ని ఆయనదే అనుకుని చూసుకుంటున్నాను. తప్పయితే పంపించెయ్యండి.

కొడుకు ఫోను తీశాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. బావ వైపు తిరిగాడు.

"నేను చదివేటప్పుడు నువ్వు పని ఆపి పక్కకు నిలబడతావు. ఎందుకు?"

"అది మీకూ దేవుడికీ మధ్య మాట. మధ్యలో నేనెందుకు?"

పెద్దాయన గుర్రం నుదుటి మీద చెయ్యి వేశాడు. "ఈ చోటు నాది. ఇక్కడ నీది పెట్టకు. వేరే చోటు చూసుకో."

బావ కిందికి చూశాడు. వంగి, గుర్రం ముందరికాలు ఎత్తి, గిట్ట అడుగున వేలు పెట్టి చూపించాడు. పెద్దాయన తల ఊపి వెళ్ళిపోయాడు. చిటికెడు బండారు అక్కడ అద్దాక, బావ నా చెవిలో అన్నాడు: "మొక్కేది కాళ్ళకే గదరా. మొదలు నేనే తప్పు చోట పెట్టిన."

టీ అమ్మేవాడి దగ్గర నిమ్మకాయలు తెచ్చి రుద్దితే ఎరుపు విరిగి మళ్ళీ పసుపయింది, అంతకన్నా పోలేదు. ఆ మొహంతోనే బరిలోకి వెళ్ళారు. న్యాయనిర్ణేతలు దగ్గరికొచ్చి చూసి ఏదో రాసుకున్నారు. బహుమతి రాలేదు. కానీ పగ్గం వదులుగా వేలాడుతుండగా ఆ గుర్రం కదలకుండా నిలబడింది, దాని ఎదుట మా బావ కూడా అంతే కుదురుగా నిలబడ్డాడు. నేను చూడగలిగింది అంతే. మర్నాడు పెద్దాయన, ఇకామా గడువు పొడిగించడానికి పాస్‌పోర్టు తెమ్మని కబురు చేశాడు.

అప్పటి నుంచి ఆ లాయంలో ఒక పద్ధతి ఏర్పడింది. పోటీకి వెళ్ళే ఉదయం పెద్దాయన చదివి ఊదేదాకా బావ గుమ్మం బయట ఉండేవాడు. తర్వాత బావ గిట్టకు బండారు అద్దేదాకా పెద్దాయన అటు తిరిగి, ఖర్జూరపు చెట్ల వైపు చూస్తూ నిలబడేవాడు. ఎంత ఆలస్యమైనా కొడుకు బండి హారను కొట్టేవాడు కాదు.

పెద్దాయనకు ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, ఇంట్లోంచి రాలేడు. బావ లేడు. గుర్రాలు అక్కడే ఉన్నాయి, వేరేవాళ్ళు బాగానే చూసుకుంటున్నారు. కాలం ఇద్దరినీ ఒకేసారి పక్కకు తప్పించింది, అందులో దానికి కక్షేమీ లేదని నాకు తెలుసు. పోటీ ఉదయం బండి ఇప్పుడు వేళకే బయలుదేరుతుంది. ఆ లాయం గుమ్మం దగ్గర ఎవరూ ఎవరికోసమూ ఆగడం లేదు.