నిప్పు దీవి మేకలు

తమ్ముడికి కర్మ చేయడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. వాడు మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు ఎత్తేవాడు. ఎవరో చెప్పారని అండమాన్ పోయి చేపల పడవ ఎక్కాడు. ఆ పడవ తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. పుంగనూరు పక్కన మా ఊరి పెద్దలు వచ్చి చెప్పి చూశారు. "బతికుండే బిడ్డకి పిండం పెట్టమంటారా? మీ నోట్లో మన్ను పడ" అని అమ్మ వాళ్ళ మొహానే అనేసింది.

రెండువేల ఐదు దాటాక, కుప్పం పోస్టాఫీసులో పనిచేస్తున్న నేను, సర్కారే ప్రయాణం ఖర్చిచ్చే ఎల్‌టీసీ మీద ఆమెను అండమాన్ తీసుకెళ్ళాను. వాడు పోయిన సముద్రాన్ని కళ్ళారా చూస్తేనన్నా నమ్ముతుందని నా తెలివి.

అక్కడ టూరిస్టులందరికీ ఒకటే పిచ్చి, అగ్నిపర్వతం దీవి. మన దేశంలో ఇంకా రగులుతున్నది అదొక్కటేనట. దిగనివ్వరు, పడవలోనే చుట్టూ తిప్పుతారు. మేమూ రాత్రి పడవ ఎక్కాం. సముద్రం అడుగు నుంచి లేచిన పెద్ద కొండకు తల మాత్రమే ఈ దీవి, మిగతాదంతా నీళ్ళ కిందే ఉందని గైడు చెప్పాడు. నా కాళ్ళ కింద అంత కొండ ఉందా అని వంగి నీళ్ళలోకి చూశాను.

టీ తెచ్చిన పడవ పనివాడు తమిళుడు. సముద్రంలో పోయినవాళ్ళు తడిబట్టలతో ఆ నిప్పు దగ్గరికొచ్చి చలి కాచుకుంటారని నవ్వుతూ చెప్పాడు. అమ్మకు అరవం తెలుసు, అదీ మా ఖర్మ. వాడి గొంతు పిసకాలనిపించింది.

"యాడ కూసుంటారప్పా వాళ్ళు?" అని అమ్మ అడిగింది. టీ ముట్టలేదు.

తెల్లవారేసరికి దీవి ఎదురుగా ఉంది. అంతా నలుపు. బెల్లం వండే పెద్ద పెనం అంచు దాటి పొంగిన పాకంలా రాయి కారి, నీళ్ళ దగ్గర గడ్డకట్టింది. పైన పొగ లేస్తోంది, చప్పుడు మాత్రం లేదు. అగ్గిపుల్ల గీసిన వాసన.

ఒక పక్క కాస్త పచ్చిక మీద మేకలు కనిపించాయి. ఎప్పుడో ఏదో ఓడవాళ్ళు వదిలేసినవట, మనిషి లేడట. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేకలుండాయంటే మేపేవాడు ఉండాడు. ఊరికే యాడన్నా ఉంటాయా మేకలు?"

మా పక్క మేకలు మేపే ప్రతి ఇంటికీ ఒక పిలుపు ఉంటుంది. మా మేకలు మా పిలుపుకే వస్తాయి, పక్కింటివాళ్ళు గొంతు చించుకున్నా కదలవు. తమ్ముడికి మాటలకన్నా ముందు ఆ పిలుపే వచ్చింది. అమ్మ పడవ అంచు కమ్మీ దగ్గరికి పోయి, నోటికి చేతులు అడ్డం పెట్టి పిలిచింది.

నల్లకొండకు తగిలి ఆ పిలుపు వెనక్కి వచ్చింది. వచ్చింది మగగొంతుతో. దేవుడి సాక్షిగా, నేనూ ఆ కొండ మీద వాడికోసం వెతికాను.

మేకలన్నీ ఒక్కసారే తలెత్తాయి. అమ్మ మళ్ళీ పిలిచింది. అంతే, బెదిరిపోయి బూడిద రేపుకుంటూ గట్టు అవతలికి పారిపోయాయి.

ఆ బూడిద అణిగేదాకా అమ్మ అటే చూసింది.

"వాటికి మన పిలుపు తెలీదు రా," అంది. "వాడుంటే నేర్పకుండా ఉంటాడా?"

అక్కడే చతికిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, వాడు పోయాక మొదటిసారి. తర్వాత మొహం తుడుచుకుని, "ఊరికి పోతానే వాడికి చేయాల్సింది చేసేయ్ నాయనా" అంది.

ఆ మాట కోసమే ఆమెను అంతదూరం తీసుకొచ్చాను. పడవ వెనక్కి తిరుగుతోంది.

"ఇంకొక్కసారి పిలువమ్మా" అన్నాను.