బోర్లించిన కుండలు

మా వంట అక్క పోయింది. సెలవు మీద కడప దగ్గర తన ఊరికి వెళ్లిన పదో రోజున, మధ్యాహ్నం కూర్చున్నచోటే ఒరిగిపోయిందని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి సైట్ వంటగదిలోకి ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది.

ఈ అరబ్బు దేశంలో ఖబూరా అనే తీరపట్నం నుంచి కొండల వైపు వెళ్తే మా తవ్వకాల సైట్ వస్తుంది. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి పల్లె ఒకటి అక్కడ మట్టి కింద ఉంది. బయటపడ్డ పునాదిరాళ్లు, పెంకులు, పొయ్యిల బూడిద చూసి ఆ పల్లెను కాగితం మీద మళ్లీ గీయడం నా పని. క్యాంపులో అందరికీ వండిపెట్టడం అక్క పని. కానీ ఆ ఇళ్ల సంగతి నాకంటే ఆమెకే బాగా తెలిసేది.

టీ తెచ్చిచ్చి గుంట అంచున గొంతుక్కూర్చునేది. నేను తలుపు తప్పు వైపు గీస్తే, "ఏం పాపా, పొగంతా ఇంట్లోకే కొట్టదా? నువ్వెప్పుడన్నా పొయ్యి ఊదినావా?" అని నవ్వేది. ఊదలేదు మరి. చెరిపి మళ్లీ గీసేదాన్ని.

ఏ ఇల్లు తెరిచినా కుండలు బోర్లించే ఉన్నాయి. ఎందుకో మాకెవరికీ తోచలేదు.

"దాంట్లో ఏముంది? మేమూ ఊరికి పోతే బోర్లిచ్చే పోతాం, పురుగూ పుట్రా పడకుండా. మళ్లా వచ్చి వండుకోవాల గదా" అంది అక్క. తిరిగి వచ్చే ఉద్దేశంతోనే వెళ్లారని రిపోర్టులో రాశాను.

చివరి ఇంట్లో మాత్రం కుండ పొయ్యి మీదే ఉంది, అడుగున మాడిన గింజలతో. అక్క చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

"అందరూ పోయినాక ఈయమ్మ ఒక్కతే ఉండిపోయినట్టుంది. కుండ దించుకునే తీరిక గూడా దొరకలేదు పాపా. ఏమొచ్చి పడిందో!"

మిట్టమధ్యాహ్నం ఎండలోనే గబగబా గుంటలోంచి పైకి వచ్చేశాను. ఆ తర్వాత ఆమె గట్టు మీద కూర్చుంటే తప్ప ఆ గుంటలోకి దిగలేదు నేను. "నేనీడనే ఉండా లే, గీసుకో" అనేది. ఆ మాటకు ఎంత రుణపడ్డానో ఆమెకెప్పుడూ చెప్పలేదు. సెలవుకు వెళ్తూ కూడా, "నేనొచ్చినాక మిగతాది గీద్దువులే" అంది. ఆ ఇల్లు సగంలోనే ఉంది.

అక్క వెళ్లినప్పటినుంచి మాకు భోజనం ఖబూరా హోటల్ నుంచే వస్తోంది. నిన్న ధైర్యం చేసి వంటగది తలుపు తీశాను. అన్నం గిన్నె, పప్పు గిన్నె, చివర్న ఆమె చిన్న టీ గిన్నె, అన్నీ కడిగి వరసగా బోర్లించి ఉన్నాయి. తిరిగి వస్తామనుకునే వెళ్లారని రాసింది నేనే. వాళ్లెవరూ రాలేదని కూడా నాకు తెలుసు.

టీ పెట్టుకుందామని చెయ్యి చాపాను. ఆ గిన్నెను వెల్లకిలా తిప్పే ధైర్యం లేక, స్టవ్ వెలిగించకుండానే బయటికి వచ్చేశాను.