దిగనివాడు

రామ్‌సింగ్ ఎదుట ఎవరూ ఏమీ అనరు. అతను దాటిపోయాక మాత్రం, తండాకు కొత్తగా వచ్చినవాళ్ళకు చూపించి చెప్తారు: "బావ సస్తుంటే సూసుకుంట నిలబడ్డోడు వాడే." టేకులపల్లి అవతల అడవి అంచున ఉన్న చిన్న తండా అది. అలాంటి చోట ఒక మనిషికి ఒక పేరు పడితే చెరగడం కష్టం.

తల్లి పోయేనాటికి రామ్‌సింగ్ ఇంకా నడక కూడా సరిగా రాని పసివాడు. అక్క ద్వాలి అతన్ని చంకనేసుకొనే పత్తి ఏరింది, చంకనేసుకొనే కట్టెలు తెచ్చింది. ఆమెను అదే తండాలో బాలకృష్ణకు ఇచ్చారు కాబట్టి రామ్‌సింగ్‌కు అక్క ఇల్లు దూరం కాలేదు. మీసాలు వచ్చేదాకా సగం తిండి అక్కడే తిన్నాడు. సోనిని పెళ్ళి చేసుకున్నాక కూడా రెండిళ్ళకూ మధ్య ఒక మట్టిగోడే అడ్డం.

బాలకృష్ణ హుషారైన మనిషి. చుట్టుపక్కల ఏ చెట్టు కొమ్మన తేనెపట్టు కనిపించినా అతనికే కబురు వచ్చేది. పొగ పెట్టడం, పాకడం, పట్టు కోసుకొని దిగడం అన్నీ నవ్వుతూనే చేసేవాడు. ఎక్కడమూ దిగడమూ అతనికి ఒక లెక్కే కాదు.

వరసగా రెండేళ్ళు పత్తిని గులాబీ పురుగు తినేసింది. పక్క కోయగూడెం పోతయ్య అప్పటికే తూర్పు తీరాన ఒక రేవులో, ఓడల్లోంచి బొగ్గు దింపే ముఠాలో పనిచేస్తున్నాడు. అతని వెంట రామ్‌సింగ్ వెళ్ళాడు. మరుసటి ఎండాకాలం బాలకృష్ణ కూడా వస్తానని పట్టుబట్టాడు. అతను సముద్రం ఎన్నడూ చూసి ఉండలేదు. ద్వాలికి ఇష్టం లేదు. చివరికి తమ్ముణ్ణి పిలిచి, నువ్వున్నావన్న ధైర్యంతోనే పంపుతున్నానని చెప్పి, మొగుడి బట్టలు సంచిలో సర్దింది.

రేవులో పనికి పెట్టుకునే ముందు అందరినీ ఒక రేకుల గదిలో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు. ఫ్యాను గాలికి సగం మంది కునుకు తీశారు. రామ్‌సింగ్‌కు కూడా అన్నీ బుర్రకెక్కలేదు. ఓడ కడుపులో సరుకు నింపే పెద్ద గదిని హోల్డు అంటారనీ, మూసి ఉన్న హోల్డులో బొగ్గు అక్కడి గాలిలోని ప్రాణవాయువును మెల్లగా తాగేస్తుందనీ, దానికి వాసన గానీ పొగ గానీ ఉండదనీ విన్నాడు. చెప్పే ఆయన ఆఖర్న ఒక మాట అన్నాడు. లోపల పడిపోయినవాణ్ణి చూసి ఊరికే దిగినవాడు రెండో శవమవుతాడు అని. ఆ మాట ఒక్కటి రామ్‌సింగ్‌కు మనసులో ఉండిపోయింది.

ఆ రోజు వాన. బొగ్గు తడవకుండా హోల్డు పెద్ద తలుపులు మూసేశారు. వాన వెలిసే సూచన కనిపించగానే మేస్త్రీ వచ్చి, మూలల్లో ఇంకా ఎంత సరుకుందో దిగి చూసి రమ్మన్నాడు. డెక్కు మీద మనిషి పట్టేంత గుండ్రటి రంధ్రం, దానికో మూత ఉన్నాయి. దాని కింద నిట్టనిలువు ఇనుప నిచ్చెన. గాలిని కొలిచే మనిషి ఇంకో ఓడ మీద ఉన్నాడు. అతను వచ్చేదాకా ఆగుదామని రామ్‌సింగ్ అనేలోపే బాలకృష్ణ మూత ఎత్తి, నువ్వు నిదానంగా రా అని నవ్వి, దిగడం మొదలుపెట్టాడు.

రామ్‌సింగ్ కూడా ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. కింద బాలకృష్ణ చేతులు నిచ్చెనను వదిలేశాయి. కేక లేదు. ఇనుము మీద ఒళ్ళు పడిన చప్పుడు మాత్రం వచ్చింది. రామ్‌సింగ్ వంగి చూశాడు. నిచ్చెన మధ్యలో ఉన్న ఇనుప పలక మీద బావ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉన్నాయి.

రామ్‌సింగ్ కాలు పైకి తీసుకున్నాడు.

అప్పటికే పోతయ్య పరుగెత్తుకొచ్చి రంధ్రంలోకి దూకబోయాడు. రామ్‌సింగ్ అతన్ని నడుము దగ్గర ఒడిసిపట్టి వెనక్కి లాగాడు. ఇద్దరూ డెక్కు మీద పడ్డారు. పోతయ్య బూతులు తిట్టాడు, గుద్దాడు, విడిపించుకోవడానికి చేతి కండ కొరికాడు. రామ్‌సింగ్ పట్టు విడవలేదు. మిగతావాళ్ళు దగ్గరికి వస్తుంటే పాకుతూ పోయి ఆ రంధ్రానికి అడ్డంగా పడుకున్నాడు. గాలి సిలిండర్లు తగిలించుకునే మనుషుల్ని పిలవండి అని గొంతు పోయేలా అరిచాడు. వాళ్ళు రేవు ఆ చివరి నుంచి రావాలి. అంతసేపూ అతని కడుపు కింద ఆ రంధ్రం తెరిచే ఉంది. వాళ్ళు వచ్చి, దిగి, బాలకృష్ణను తాళ్ళతో పైకి చేర్చేసరికి అతనిలో ప్రాణం లేదు.

ఎవరూ చెప్పకుండానే అతను దిగాడని కంపెనీ తరఫు మనిషి అన్నాడు. దిగమని చెప్పింది మేస్త్రీయేనని రామ్‌సింగూ పోతయ్యా పోలీసులకు చెప్పారు. మేస్త్రీ పని పోయింది. వారం తిరక్కుండానే ఆ ఓడ వెళ్ళిపోయింది, దాని చోట ఇంకో ఓడ వచ్చి నిలిచింది.

అంబులెన్సు సత్తుపల్లి మీదుగా కొత్తగూడెం దాటి టేకులపల్లి చేరేదాకా రామ్‌సింగ్ బావ కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు. తండాలో ఆడవాళ్ళు ఏడుస్తూ ఎదురొచ్చారు. ద్వాలి ఏడవలేదు. దహనం అయ్యాక, మగవాళ్ళంతా ఇంకా వాకిట్లో ఉండగానే, తమ్ముడి ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు సూసేసరికి పాణం ఉన్నదా?"

పడగానే పోయాడని చెప్పవచ్చు. కాదనేవాళ్ళు ఎవరూ లేరు. పోతయ్య అయినా కిందికి సరిగా చూడలేదు. కానీ తనను చంకనేసుకొని పెంచిన మనిషి కళ్ళలోకి చూస్తూ అతనికి ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"ఉండె అక్కా. చెయ్యి కదిలింది."

"మరి దిగలేదా?"

"దిగలే."

"వేరేటోళ్ళను గూడ దిగనియ్యలేదంట గదా."

"అవ్. నేనే ఆపిన."

ద్వాలి కొంగు ముఖం మీదికి లాక్కొని లోపలికి పోయింది. ఆ తర్వాత రెండేళ్ళు అతనితో మాట్లాడలేదు.

రామ్‌సింగ్ మళ్ళీ రేవుకు పోలేదు. తన చేనుతో పాటు అక్క చేనూ దున్నాడు. ఆమె వద్దనలేదు, మంచినీళ్ళూ ఇవ్వలేదు. తమ్ముడు ఒక గట్టున ఉంటే ఆమె ఇంకో గట్టున కలుపు తీసేది. సోని మాత్రం గోడ మీదుగా అప్పుడప్పుడు కూర గిన్నె అందించేది, ద్వాలి తీసుకునేది. సోని చేతి కూర తినేది కానీ రామ్‌సింగ్ పేరు ఎత్తితే లేచిపోయేది.

ఒకసారి ఇప్పపూలు రాలే రోజుల్లో పోతయ్య భార్యనూ, నెలల పిల్లనూ వెంటబెట్టుకొని ద్వాలి వాకిట్లోకి వచ్చాడు. రామ్‌సింగ్ ఆనాడు తనను పట్టుకోకపోతే ఈ పిల్ల పుట్టేదే కాదని చెప్పాడు. అతనికి తెలిసిన న్యాయం అది. ద్వాలి పిల్లను ఎత్తుకుంది, తల నిమిరింది, తల్లికి తిరిగి ఇచ్చేసింది.

"సల్లగ బతుకుండ్రి. మళ్ళ నా వాకిట్లకు రాకుండ్రి," అంది.

గోడ ఇవతల రామ్‌సింగ్ ఆ మాట విన్నాడు. అక్కను తప్పుపట్టాలని అతనికి అనిపించలేదు. నిద్రలో అతని చేతులు ఇంకా ఎవరినో ఒడిసిపట్టుకుంటూనే ఉన్నాయని సోని చెప్పేది. ఆపడం సరైనదని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన కళ్ళ ముందు బావ వేళ్ళు కదలడం ఆగలేదు.

మూడో ఏడు ఎండాకాలంలో ఫ్లోరెన్స్ అనే అమ్మాయి వచ్చింది. ఆమెది నేలకొండపల్లి. ఓడల్లో, రేవుల్లో ప్రమాదాలు తగ్గించే యంత్రాల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో ఇంజనీరు. హోల్డు మూత తీయకముందే లోపలి గాలిని కొలిచి, గాలి బాగాలేకపోతే మూతను తెరుచుకోనివ్వని పరికరం ఒకటి వాళ్ళు తయారుచేస్తున్నారు. ప్రమాదం పాత కాగితాల్లో రామ్‌సింగ్ సంగతి చదివి వెతుక్కుంటూ వచ్చింది. అతను మాట్లాడనన్నాడు. ఆమె వేపచెట్టు నీడన మంచం మీద కూర్చొని, దాచకుండా చెప్పింది.

"అన్నా, దీంతోని మీ బావ తిరిగి రాడు. మీకు గూడ ఏం రాదు. మేం చేసిన మొదటి పెట్టె మంచిగనే మోగింది, కానీ క్రేన్ల మోతల ఎవ్వరికీ వినపడలే. గిట్ల పోయేటోళ్ళల్ల శానా మంది కాపాడబోయినోళ్ళే. మూత కాడ మనిషి ఎట్ల ఆగుతడో మాకు తెల్వాలె. ఆగినోళ్ళు మాకు ఎక్కువ దొరకరు."

తమ దగ్గర ఓడలో ఉన్నట్టే ఒక మూత, ఒక నిచ్చెన కట్టి ఉంచామనీ, అక్కడికి వచ్చి ఆనాడు జరిగినది చేసి చూపిస్తే చాలనీ అంది. రామ్‌సింగ్ తల అడ్డంగా ఊపుతుండగా గోడ అవతలి నుంచి ద్వాలి వచ్చింది. మొదటి నుంచీ వింటూనే ఉన్నట్టుంది. తమ్ముడి వైపు చూడకుండా ఫ్లోరెన్స్‌తో మాట్లాడింది.

"ఆ నిచ్చెన నేను దిగొచ్చునా?"

ఫ్లోరెన్స్ మంచం మీంచి లేచింది. అక్కడ గాలి బాగుంటుంది కాబట్టి భయం లేదనీ, నడుముకు తాడు కట్టి దింపుతామనీ చెప్పింది.

బస్సులో ద్వాలి ముందు సీట్లో కూర్చుంది. రామ్‌సింగ్ వెనక కూర్చున్నాడు. తెల్లారేసరికి కిటికీలోంచి సముద్రం కనిపిస్తే ఆమె ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది.

ఆ సంస్థ షెడ్డులో ఇనుముతో కట్టిన మేడలాంటిది ఉంది. ద్వాలికి ప్యాంటు తొడిగి, భుజాలకూ నడుముకూ పట్టీలు బిగించారు. ఆమె నిచ్చెన మీద ఒక్కో మెట్టూ తడుముకుంటూ పలక మీదికి దిగింది. అక్కడ మనిషి బరువుకు ఇసుక నింపిన బొమ్మ పడుకోబెట్టి ఉంది. పైనున్నవాళ్ళు ఎవరూ చెప్పలేదు కానీ, ఆమె దాని చంకల్లో చేతులు వేసి లేపడానికి చూసింది. సగం లేపి భుజాన వేసుకోబోయింది. నిచ్చెనకూ గోడకూ మధ్య ఒక్క ఒళ్ళే పడుతుంది. తల ఇనుముకు కొట్టుకుంది. బొమ్మ జారిపోయింది. మళ్ళీ ఎత్తింది. చాలాసేపు ఆమె రొప్పడం ఒక్కటే పైకి వినిపించింది. ఫ్లోరెన్స్ తాడు లాగమని సైగ చేయబోతే రామ్‌సింగ్ చెయ్యెత్తి ఆపాడు.

చివరికి ద్వాలి బొమ్మ పక్కన కూలబడి తల పైకెత్తింది. పై రంధ్రంలోంచి వెలుతురు, ఆ వెలుతురులో తమ్ముడి తల. రెండేళ్ళ తర్వాత అతనితో మొదటిసారి మాట్లాడింది.

"నువ్వు కనబడుతున్నవ్."

"అవ్ అక్కా."

"ఆయనకు గూడ కనబడ్డవా?"

రామ్‌సింగ్ రంధ్రం అంచు పట్టుకున్నాడు. "తెల్వదక్కా. కండ్లు తెరిచే ఉండె."

ద్వాలి బొమ్మను వదిలి నిచ్చెన పట్టుకుంది. పైకి వచ్చి, పట్టీలు విప్పించుకొని, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. చీర కట్టుకొని వచ్చాక అతని పక్కన బల్ల మీద కూర్చుంది. "ఎత్తుకొని ఎక్కేటందుకు తొవ్వ లేదు," అంది, తనలో తాను అనుకున్నట్టు. ఆ సాయంత్రం రామ్‌సింగ్ మూత దగ్గర పోతయ్యను ఎలా పట్టుకున్నాడో ఒక కుర్ర ఇంజనీరును పట్టుకొని చూపించాడు. ద్వాలి అదీ చూసింది.

తండాకు వచ్చాక పెద్దగా మారిందేమీ లేదు. అతని వెనక అనేవాళ్ళు ఇప్పటికీ అంటున్నారు. బాలకృష్ణ లేని ఇల్లు లేనట్టే ఉంది. ద్వాలి మాత్రం చేను దున్నేటప్పుడు గట్టు మీదికి జొన్న గటక తెచ్చి పెడుతుంది. అతను తింటుంటే దూరంగా కూర్చొని, వాన గురించో దూడ గురించో రెండు మాటలు అంటుంది. బావ మాట ఇద్దరూ ఎత్తరు.

రామ్‌సింగ్ ఏడాదికి కొన్నాళ్ళు ఆ సంస్థకు పోయి, రేవుల్లోకి కొత్తగా వచ్చే కూలీలకు ఆ నిచ్చెన దగ్గర నేర్పిస్తున్నాడు. కొందరు వింటారు, కొందరు ఫ్యాను కింద కునుకుతారు. గాలి చెడితే తెరుచుకోని ఆ కొత్త మూతను ఒకటి రెండు ఓడల మీద పెట్టి చూస్తున్నారు. అన్ని ఓడల మీదికీ రావాలంటే ఏళ్ళు పడుతుందని ఫ్లోరెన్స్ చెప్పింది.

మొన్న వానాకాలం మొదట్లో ఆమె ఫోను చేసింది. ఇంకో రేవులో ఇద్దరు పోయారట. మొదటివాడు పని మీద దిగాడు, రెండోవాడు అతని కోసం దిగాడు. ఆ ఓడకు పాత మూతే ఉంది. రామ్‌సింగ్ చేలోనే ఫోను జేబులో పెట్టుకొని, విన్నది విన్నట్టు అక్కకు చెప్పాడు.

ద్వాలి విత్తనాల గిన్నె కింద పెట్టింది.

"పట్టుకునేటోడు లేకుండెనా ఆడ?" అని అడిగింది.

లేడని చెప్పాడు. ఆమె గిన్నె తీసుకొని సాలు వెంట నడిచింది. అతను ఎడ్లను అదిలించాడు.