బ్యూలాకి వేసిన పాలపిలుపు

పెళ్లినాడు చూపిస్తానన్న లైట్‌హౌస్‌లు ముసలితనంలో గుర్తొచ్చాయా అని ఊళ్లోవాళ్లు క్లారెన్స్‌ని ఆటపట్టించారు. గుర్తొచ్చింది అతనికి కాదు, పెళ్లాం డెల్వినాకి. ఆ గుర్తు వెనక కపటముందని ఆమెకొక్కదానికే తెలుసు.

మోకాళ్లు అరిగిపోయిన క్లారెన్స్ ఇక పాలు పితకలేడని ఆవులన్నిటినీ అమ్మేశారు. వాటిని తీసుకెళ్లే లారీ సోమవారం వస్తుందని డెల్వినా మొగుడికి చెప్పింది. నిజానికి అది ఈవేళే, శనివారమే వస్తోంది. వాటిని ఎక్కిస్తుంటే చూసి తట్టుకోలేడని ఆమె భయం; అందుకే ఈ ప్రయాణం పెట్టింది. మంచికే చేశానని దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంది. మంచికే అయితే అన్నిసార్లు చెప్పుకోవడం దేనికి?

కెవానీలో తెల్ల లైట్‌హౌస్ చూసి, మిషిగన్ సరస్సు ఒడ్డు వెంబడే ఆల్గోమాకి వచ్చారు. క్లారెన్స్ కళ్లు నీళ్లమీద నిలవలేదు. దారిలో కనబడిన ప్రతి పశువుల కొట్టంకేసీ మెడ తిప్పాడు.

ఆల్గోమా ఎర్ర లైట్‌హౌస్ ఎదురుగా కూర్చుని, పంటికింద కీచుమనే తాజా చీజ్ ముక్కలు తిన్నారు.

"బండి తియ్యి. పాలవేళవుతోంది," అన్నాడు క్లారెన్స్.

"ఒక్కపూట పక్కింటాయన పితికితే పాలేం విరిగిపోవులే."

"మన ముసలావు బ్యూలా నా గొంతు వింటేగాని కదలదు. సోమవారం దాన్ని తాడు పట్టుకుని నేనే నడిపిస్తా. లారీ ఎక్కించడానికి మాత్రం, రోజూ పాలకి పిలిచే పాలపిలుపు పిలవను. అబద్ధమాడినట్టవుద్ది."

డెల్వినా చేతిలో ముక్క పొట్లంలో పెట్టేసింది. అప్పుడే ఆమె ఫోను మోగింది. అవతల గోర్డీ, అక్క కొడుకు, లారీ వాడిదే.

"పిన్నీ, అన్నీ ఎక్కినయ్. ఆ ముసల్ది బ్యూలా మాత్రం తాడు తెంపుకుని దొడ్డి చివర నించుంది. బాబాయ్‌లాగే పిలిచా. నా మొహంచూసి పేడేసింది."

గోర్డీది పెద్ద గొంతు. పక్కనున్న మనిషికి అంతా వినబడింది.

"సోమవారమన్నావు," అన్నాడు క్లారెన్స్.

"నువ్వు చూళ్లేవని..."

"చూడగలనో లేదో నన్నడగాల్సింది." ఫోను లాక్కున్నాడు. "కర్ర ఎత్తకు గోర్డీ. వస్తన్నా."

డెల్వినా బండి ఇంటికి తిప్పింది.

దొడ్డి చివర బ్యూలా రొప్పుతూ నిలబడి ఉంది. మనిషి దగ్గరికొస్తే దూరం జరుగుతోంది. దాని వెంట తిరగడానికి క్లారెన్స్ మోకాళ్లు ఒప్పుకోవు. లారీ పక్కన నిలబడి కాసేపు నేల చూశాడు. తర్వాత, కొట్టం తలుపు దగ్గర రోజూ పిలిచే పిలుపే పిలిచాడు; ఆ ఊళ్లలో ఆవుని 'బాస్' అనే పిలుస్తారు.

"కమ్, బాస్. కమ్, బాస్."

బ్యూలా చెవులు నిక్కించింది. పాలకే అనుకుంది. తిన్నగా నడిచొచ్చి, అతని చెయ్యి ఒకసారి నాకి, లారీ ఎక్కింది. గోర్డీ తలుపు వేశాడు.

లారీ రోడ్డెక్కినా క్లారెన్స్ కదల్లేదు. తడిసిన చేతిని తుడుచుకోనూ లేదు. మొగుడికి చూడ్డం తప్పిద్దామనుకున్న డెల్వినా, అతనిచేతే బ్యూలాకి అబద్ధపు పిలుపు పిలిపించింది.

"లోపలికి రా, క్లారెన్స్," అంది డెల్వినా గుమ్మంలో నిలబడి.

అతను రాలేదు.