అమావాస్య నాడు మోగిన మగ్గం

శుక్రవారం వస్తే పొద్దుటి నుంచే నాకు తొందర మొదలవుతుంది. కొత్త పాటలు ఎక్కువగా ఆ రోజే విడుదలవుతాయి. సాయంత్రంలోగా వాటిని విని, మూడింటిని ఎంచి, ఎందుకు వినాలో నాలుగు మాటలు రాసి ఫోన్‌లో నా పేజీలో పెట్టాలి. ఇండీ, హిప్ హాప్, ఎలక్ట్రానిక్, అంతే. సినిమా పాటల గురించి చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ముందు డైరీలో రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, ఆ తర్వాతే టైపు చేస్తాను. పేజీకి నా పేరు లేదు, ఫోటో లేదు, ఊరి పేరు మాత్రం ఉంది. చదివేవాళ్లు నన్ను అన్నా అని పిలిచేవారు. నేను దిద్దలేదు. ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధిలో నలుగురు ఎదురొస్తే గోడవారగా పోయే పిల్లని నేను. ఆ పిలుపు చాటున నాకు బాగానే ఉండేది.

ఆదోనిలో ఒక అబ్బాయి పగలు పత్తి మిల్లులో పనిచేస్తూ, ఇంటికొచ్చి పాత లాప్‌టాప్‌లో ఎలక్ట్రానిక్ పాటలు కట్టేవాడు. మిల్లు మోతను తాళంగా వాడిన అతని పాట ఒకటి నాకు నచ్చింది. దాన్ని వింటుంటే ముక్కులోకి పత్తి దుమ్ము పోయినట్టు ఉంటుందని రాశాను. కొన్నాళ్లకు అతని నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నా, మీది ఎమ్మిగనూరంట గదా. మగ్గం సద్దు కావాల. యాడన్నా దొరుకుతాదా?"

మూడు రోజులు జవాబివ్వలేదు. నాలుగో రోజు నాయన నేస్తుండగా మగ్గం గుంట పక్కన, నూలు చిలపల కింద ఫోన్ పెట్టి రికార్డు చేశాను. ఆయన్ని అడగలేదు. అడగడమంటే పేజీ సంగతి చెప్పడమే. నాయన దగ్గు కత్తిరించాను. నీళ్లకోసం అమ్మను పిలిచిన పిలుపు కత్తిరించాను. ఇంటి గుర్తులన్నీ పోయాయని నిర్ధారించుకుని పంపాను. మిగిలింది మగ్గం ఒక్కటే. రెండు దెబ్బలు సరిగ్గా పడతాయి, మూడోది కాస్త ఆగి పడుతుంది. కాలితో తొక్కే చెక్క ఒకటి విరిగితే తాడుతో కట్టారు, అందుకే అలా పడుతుందని అనుకునేదాన్ని.

ఆ పాట విడుదలైన శుక్రవారం అమావాస్య.

అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడదు. ఎంత తొందర పని ఉన్నా ఆడదు. ఆ కట్టు తప్పకుండా చూసే పెద్దల్లో నాయన ఒకడు. అంతకుముందు అమావాస్యకు ఎదురింటాయన పెళ్లివాళ్ల చీర అర్జెంటని తలుపేసుకుని నేశాడు. నాయన అతన్ని అందరిముందు నిలబెట్టి తప్పు ఒప్పించాడు. ఎదురింటాయన చేతులు జోడించడం నేను కిటికీలోంచి చూశాను. అప్పటి నుంచి అతను మా ఇంటివైపు చూసి మాట్లాడింది లేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ గుడికి, నాయన బజారుకు పోయారు. నా ఇయర్‌ఫోన్‌లో ఒక చెవి పనిచేయడం లేదు. ఒక చెవితో విని పాట గురించి రాయడం నాకు మనసొప్పదు. చిన్న స్పీకర్ తీసి పెట్టాను. ఆ వారం ఎంచినవాటిలో రెండు అప్పటికే రాసేశాను. ఒకటి గదిలో ఒంటరిగా పాడుకున్న అమ్మాయిది, వెనక ఫ్యాను చప్పుడు అలాగే ఉంచేసింది. రెండోది బస్టాండులో దొరికే మాటలతో కట్టిన ర్యాప్. మూడోది ఆదోని అబ్బాయిది. మొదట నిమిషం పాటు మగ్గం ఒక్కటే, తర్వాత కింద నుంచి బేస్ మెల్లగా లేస్తుంది. ఆ నిమిషానికి మాటలు కుదరడం లేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. అలా ఎన్నిసార్లు విన్నానో తెలియదు.

బయట నాయన చెప్పుల చప్పుడు, వెంటనే ఎదురింటాయన గొంతు వినిపించాయి. స్పీకర్ ఆపేశాను.

తలుపు సందులోంచి చూస్తే అరుగు ముందు ఎదురింటాయన, ఆయన పక్కన వీధి పెద్దలు ఇద్దరు.

"ఏమన్నా, మాకొక న్యాయం, నీకొక న్యాయమా? అమాస పూట మగ్గం ఆడిస్తాండారే మీ ఇంట్లో."

నాయన, తాను ఇంట్లోనే లేనని, తన మగ్గం మీద ఇంకెవరూ కూర్చోరని నిదానంగా చెప్పాడు.

"నీ మగ్గం సద్దు మాకు తెలీదా? ఆ ఆగి పడే దెబ్బ ఈ వీధిలో ఇంకెవురికుండాది? అరగంట ఇన్యాము, ముగ్గురమూ."

పెద్దలు కాదనలేదు. నాయన గుమ్మంలోంచి మగ్గం వైపు చూశాడు. దాని మీద పొద్దున కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. అయినా ముగ్గురు విన్నామంటున్నారు. ఆయన ముఖంలో ఏదో సడలింది. చేతులు మెల్లగా పైకి లేస్తున్నాయి. చేయని తప్పుకు జోడించబోతున్నాడు.

ఊరుకుంటే నా పేజీ నాకే ఉంటుంది. ఆ మాట అనుకున్నాను కూడా, దాచను. తర్వాత ఎలా బయటికొచ్చానో గుర్తులేదు. స్పీకర్ అరుగు మీద పెట్టాను.

"మగ్గం కాదు నాయనా, పాట," అన్నాను. పాట మొదటి నుంచి పెట్టాను. మిగతాది పాటే చెప్పింది.

మగ్గం మోగింది. నలుగురూ వంగి విన్నారు. బేస్ లేవగానే పెద్దాయన ఒకరు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. నేనే రికార్డు చేశానని, నేనే పంపానని, పాటల గురించి ఫోన్‌లో రాస్తుంటానని ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

చివరికి ఎదురింటాయనే అన్నాడు. "మగ్గం ఆడల్యా, సరే. సద్దు ఆడింది గదా. సద్దుకు అమాస లేదా?"

ఆ మాటలో ఎకసెక్కం ఉంది. నాయన మాత్రం దాన్ని నిజంగా ఆలోచించాడు.

"నా ఇంట్లోనించే వచ్చింది. పోయిన అమాసకు నిన్ను నిలబెట్టినాను. ఈసారి నేను నిలబడాల," అని చేతులు జోడించాడు.

ఎదురింటాయన ఒక్క అడుగులో ముందుకొచ్చి ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించాడు. "ఇడువన్నా," అన్నాడు. నెల తర్వాత మొదటిసారి మా అరుగు మీద కూర్చున్నాడు.

వాళ్లు పోయాక నాయన నన్ను తిట్టలేదు. ఏం రాశావో చదవమన్నాడు. డైరీ తెచ్చి నిలబడే చదివాను. విరిగిన చెక్కకు కట్టిన తాడు వల్ల మూడో దెబ్బ ఆగి పడుతుందని, ఆ ఆగడంలోనే పాట ఉందని రాసుకున్నాను.

"తాడు కాదు," అన్నాడు నాయన. "మోకాలు. ఆరేండ్లాయ, వంగేది లేదు. వీధంతా ఎరుకే."

వీధంతా ఎరిగినది ఇంట్లో ఉన్న నాకు తెలియదు. తాడు అన్న మాట కొట్టేసి మోకాలు అని రాశాను. సాయంత్రం మూడు పాటలూ పేజీలో పెట్టాను. కింద, అన్నా అని పిలిచేవాళ్లకు, ఈ మగ్గం నేసేది మా నాయన, నేను ఆయన కూతురిని అని చేర్చాను.

పడుకోబోతూ నాయన గడప దగ్గర ఆగాడు.

"ఆదోని పిల్లోనికి సెప్పు. మల్లా పాట ఇడిసేటప్పుడు అమాస సూసుకోమను."