అమావాస్యనాడు మాత్రం పలికే రేడియో

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక వస్తువు కొనాలంటే, కొనడానికన్నా ఆలోచించడానికే ఎక్కువ కాలం పట్టేది. గోడ గడియారానికి ఒక వేసవి పట్టింది. మిక్సీకి మా అత్త ఒప్పుకునేసరికి రోటి ముందర కూర్చుని కూర్చుని నా నడుము వంగిపోయింది. అవన్నీ ఒక ఎత్తు, మా ఆయన కొత్త రేడియో సెట్టు కొనాలా వద్దా అని ఆలోచించిన ఆరునెలలు ఒక ఎత్తు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ముందు ఆవులింత వస్తుంది, ఆ తర్వాత నవ్వు వస్తుంది.

నేను ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. చదువు నిలవలేదు గానీ ఎవరు ఎప్పుడు ఏ మాటన్నారో మాత్రం బుర్రలో అట్లే ఉండిపోతుంది (ఈ గుణం వల్ల మా ఇంట్లో నాతో వాదానికి ఎవరూ రారు). మా నాయన ఆదోనిలో జిన్నింగు మిల్లు కూలి. ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంటికి నన్నిచ్చారు. మా ఆయన మగ్గం గుంటలోంచి ఎప్పుడో లేచిపోయి, కరెంటు మోటార్లకు తీగ చుట్టే అంగడి పెట్టుకున్నాడు. నేసేది మా అత్త, నేను. మగ్గం ఒక్కటే. మధ్యాహ్నం దాకా అత్తది, ఆ తర్వాత దీపాలు పెట్టే వేళ దాకా నాది. నా వంతు వచ్చేలోపల నేనేమీ ఊరికే కూర్చోను కదా. కోడి కూసేటప్పుడు లేచి నూలుకు రంగు వేయడం, నీళ్ళు మోయడం, వంట, అంట్లు. గుంటలో కాళ్ళు పెట్టేసరికి కళ్ళు మూతలు పడుతుండేవి. పైగా నేను కూర్చునే వేళకు ఎండ వాలిపోయి పోగు సరిగ్గా కనబడేది కాదు. నా గుడ్డలో తప్పు వస్తే అత్త వేలు పెట్టి చూపించేది, ఏమీ అనేది కాదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది. నాకు వేరే మగ్గం పెట్టిస్తానని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే మాట ఇచ్చాడు. దానికని కొంచెం కొంచెం కూడబెడుతున్నాం. పడసాలలో చోటు కూడా చూసిపెట్టుకుని, ఎవరూ లేనప్పుడు ఆ చోటులో కాసేపు కూర్చుని లేచేదాన్ని.

ఇక రేడియో సంగతి. మనం పాటలు వినే రేడియో కాదది. మాట్లాడడం, వినడం రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. సర్కారువాళ్ళు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తే, అట్లాంటి లైసెన్సు ఉన్నవాళ్ళతో ఏ ఊళ్ళో ఉన్నా గాలిలోంచే మాట్లాడుకోవచ్చు. సెల్‌ఫోన్లు కూరగాయలవాళ్ళ చేతుల్లోకి కూడా వచ్చేసిన రోజులవి. అయినా మా ఆయన పొద్దున ఏడింటికి లోపలి గదిలో చెవులకు డిప్పలు తగిలించుకుని కూర్చుని, "హలో హలో, నా మాట వినబడుతోందా" అని మైసూరులో ఉన్న ఒకాయనను ఎనిమిది దాకా అడిగేవాడు. వీధిలో ఆయన పేరే 'హలో అన్న' అయిపోయింది. మా అత్త గది వాకిట్లో నిలబడి, "ఆ మైసూరాయనకు సెల్లు లేదా నాయనా? నెంబరు అడిగి తీసుకోరాదూ, గొంతన్నా మిగుల్తాది" అనేది.

ఆ సెట్టు ఆదోనిలో తంతి ఆఫీసులో ఉద్యోగం చేసి దిగిపోయిన ఒక పెద్దాయన వాడి ఇచ్చినది. ఆయన్ను మేం తంతి మాస్టరు అనేవాళ్ళం. మా ఆయనకు ఈ విద్య నేర్పింది కూడా ఆయనే. సెట్టు ఒకటుంటే చాలదట, దానికి అరవై డెబ్బై అడుగుల తీగ ఆకాశంలో కట్టాలి. మా ఆయన ఒక కొస మిద్దె మీది ఇనుప గొట్టానికి, ఇంకో కొస పెరట్లో మూలన నాటిన గడకు కట్టాడు. కట్టిన రోజు నాతో, "మే, ఇంట్లో నువ్వు ఏం చేసినా నేనడగను. ఈ తీగను మాత్రం ముట్టొద్దు" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను వద్దన్నది ఆ ఒక్కటే.

తర్వాత కొన్నాళ్ళకు ఆ సెట్టు బలం తగ్గింది. ఆయనకు అవతలివాళ్ళ మాటలు బాగానే వినబడేవి. ఈయన మాటే వాళ్ళకు అందేది కాదు. "సన్నగా వస్తోంది బ్రదర్", "మళ్ళీ చెప్పండి బ్రదర్" అంటారట. పది రోజులు చూశాడు. మూత విప్పి దుమ్ము దులిపాడు, కాలే కడ్డీతో అతుకులు మళ్ళీ అతికాడు, వేలు కాల్చుకున్నాడు. మిద్దె ఎక్కి తీగ చూశాడు. "గాలికి సాగిపోయింటాది" అని బిగించి కట్టాడు. వారం తిరిగేసరికి మళ్ళీ సాగేది, మళ్ళీ బిగించేవాడు. చివరికి ఒకరోజు అన్నం తింటూ, "ముసిల్దయిపాయ. బెంగుళూరులో కొత్తవి దొరుకుతాండాయి. ఏమంటావ్?" అన్నాడు.

మగ్గానికని దాచింది తప్ప ఇంట్లో వేరే ఏమీ లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేనేమన్నానంటే, "మీ ఇష్టం" అన్నాను. (మా అమ్మ నాకు నేర్పిన సంసారమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.) ఆ మాట ఎంత ఏడుపు గొంతుతో అన్నానో, ఆయనే అర్థం చేసుకుంటాడని నా నమ్మకం. ఆయన తలూపి మజ్జిగ పోసుకున్నాడు.

ఆ రోజు నుంచి మొదలైంది. బెంగుళూరు నుంచి బొమ్మల కాగితాలు తెప్పించాడు. ఒక సెట్టుకు బొత్తాలు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. తక్కువ ఉన్నదే మంచిదని ఒకరోజు, ఎక్కువ ఉన్నదే మంచిదని మర్నాడు. తువ్వాలు నేస్తున్న నా పక్కన గట్టు మీద కూర్చుని ఆ కాగితాలు చదివి వినిపించేవాడు. చివర్లో "ఏమంటావ్?" అనేవాడు. నేను పోగు అతుక్కుంటూ "మీ ఇష్టం" అనేదాన్ని. కొనేస్తే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకుందును, మానేస్తే సంతోషపడుదును. రెండూ చేయకుండా నెలల తరబడి ఆలోచిస్తుంటే నాకు మనిషినే చూడబుద్ధి అయ్యేది కాదు.

పండగ దగ్గరపడుతుండగా సెట్టును మేం నేసిన దుప్పట్లోనే మూట కట్టి, మాస్టరుకు చూపిద్దామని బస్సెక్కాడు. పుట్టింటికి పోయి రావచ్చని నేనూ వెంట బయలుదేరాను. బస్సులో పత్తి బేరగాళ్ళ మధ్య ఆ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పక్కనున్న అవ్వ "ఎన్నో నెలప్పా బిడ్డకు?" అని అడిగింది. ఆయన మూటను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. పొద్దుటి నుంచి నిలబడి ఉన్న నా కాళ్ళకు ఆ బస్సు సీటే సుఖంగా ఉండి, నేను ఆదోని దాకా నిద్రపోయాను.

మాస్టరు ఇంట్లో సెట్టును ఆయన తీగకు తగిలిస్తే గంటలాగా పలికింది. ఎవరో మలయాళం ఆయన "బ్రహ్మాండంగా వస్తోంది" అన్నాడట. మా ఆయన ముఖం చిన్నబోయింది. "ఆదోనికి కొండలుండాయి కద సార్, ఆ ఎత్తు మా ఊరికి యాడిది" అన్నాడు. పుట్టిన ఊరి కొండలకు నేను లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. మాస్టరు మాత్రం ఒప్పుకోలేదు. ఈ విద్యలో ఉన్నవాళ్ళు ఏ రోజు ఎవరితో మాట్లాడారో, ఎట్లా వినబడిందో పుస్తకంలో రాసుకోవాలి. మా ఆయన మూటలో తెచ్చిన ఆ పుస్తకం తీసుకుని మాస్టరు అద్దాలు సవరించుకుని, పక్కన గోడ క్యాలెండరు పెట్టుకుని ఒక్కొక్క తేదీ చూశాడు. చాలాసేపటికి వేలు పెట్టి, "ఇదేందప్పా, నీ సెట్టు బాగా పలికిన దినాలన్నీ అమాసలే" అన్నాడు.

మా ఆయన వంగి చూశాడు. నిజమే. ఆరు నెలల్లో ఆరు అమావాస్యలు, ఆరుసార్లూ ఈయన మాట అందరికీ చక్కగా అందింది.

"అమాసకు ఆకాశంలో ఏమన్నా మారుతాదా సార్?"

"అట్ల మారితే నాకూ మారల్ల కదా, నీకొక్కనికే యాల మారుతాది? ఏమ్మా," అని మాస్టరు నా వైపు తిరిగాడు, "అమాసనాడు మీ ఇంట్లో ఏమి జరగదు?"

"మగ్గం ఆపుతామండీ" అన్నాను. మా నేతవాళ్ళ ఇళ్ళల్లో అమావాస్యే సెలవు. ఆదివారం కూడా నేస్తాం గానీ అమావాస్యనాడు నూలు ముట్టం.

"మగ్గానికి కరెంటు లేదు. దాంతో దీనికేమి?" అని మాస్టరు గడ్డం గీరుకున్నాడు.

నాకు మాత్రం చెప్పిన నోరు మూసుకోకముందే వెలిగింది. పొద్దున్నే రంగు వేసిన నూలు చిలపలను (నూలు పెద్ద పెద్ద చుట్టలుగా వస్తుంది, అవే చిలపలు) నేరుగా వీధిలో గడల మీద ఆరేస్తే వాకిట్లో రంగునీళ్ళు మడుగు కడతాయి, ఎదురింటి పెద్దమ్మ నోరు లేస్తుంది. అందుకని ముందు పెరట్లో నీళ్ళు కారనివ్వాలి. పెరట్లో పాత దండెం తెగిపోయింది. ఆయన కట్టిన తీగ ఉంది. ప్లాస్టిక్ తొడుగున్న తీగ, నూలుకు మరక అంటదు, గడ వైపు కొస నా చేతికి అందే ఎత్తు. ఆయన చెవులకు డిప్పలు తగిలించుకున్నాక వేసి, తీసేలోపల వీధిలోకి మార్చేసేదాన్ని. ముట్టొద్దన్నాడు గానీ నేను ముట్టుకోవడం లేదు కదా, నూలు ముట్టుకుంటోంది, అని సర్దిచెప్పుకున్నాను. ఆయన వారం వారం బిగించి కడుతుంటే నాకు ఎంత వీలుగా ఉండిందో చెప్పలేను.

చెప్పేయాల్సింది. చెబితే సెట్టు మంచిదని తేలిపోయేది, మగ్గం నాదయ్యేది. కానీ మాస్టరు ముందర, ఆయన వేలి మీద కాలిన మచ్చ ఇంకా కనబడుతుండగా, నోరు రాలేదు. రేపటి నుంచి తీగ మీద వేయకుండా ఉంటే సెట్టు దానంతటదే బాగుపడుతుంది, ఈ ఆలోచనా ఆగిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు అని నా లెక్క. తిరుగు ప్రయాణంలో నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి చిలపలను బిందెల మీద అడ్డంగా కట్టెలు పెట్టి ఆరేశాను. సెట్టు పలికింది. రోజూ పలికింది. మా ఆయన ఇల్లంతా తిరిగాడు. "మాస్టరు చెయ్యి పడింది చూడు" అన్నాడు. నేను మనసులోనే పడసాలలో మగ్గం దింపుకున్నాను. వారం తర్వాత ఆయన మళ్ళీ ఆ బొమ్మల కాగితాలు తీసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మే, ఈ ముసిల్దే ఇంత దూరం పోతాంటే, కొత్తది యాడికి పోతాదో చూడు. ఇంక ఆలోచన ల్యాకుండా తెచ్చేద్దాం. ఏమంటావ్?"

నా చేతిలో పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆగిపోయింది. పాడైతే కొత్తది, బాగుపడితే ఇంకా కొత్తది. ఇక నాకు ఓపిక అయిపోయింది. భయం పోయి కాదు, నిజంగా ఓపిక అయిపోయి చెప్పాను. "దాంట్లో మాస్టరు చెయ్యేమీ లేదు. ఆర్నెల్లు ఆ తీగ మీద నేను తడి చిలపలు ఆరేస్తాంటి. అమాసకు వేయకుంటి. ఇప్పుడు ఆపేసినా."

ఆయన కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎన్ని చిలపలు?"

"ఇరవై. పని ఎక్కువుంటే ముప్పై."

"ముప్పై తడి చిలపలు పెట్టుకుని అది మైసూరు దాకా సన్నగానన్నా పోయిందా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే ఆ ముసలి సెట్టు మీద గౌరవమే ఎక్కువ ఉంది. వంటింట్లోంచి మా అత్త, "నేను గూడా రెండుసార్లు దుప్పట్లు ఆరేసినాలేప్పా" అంది.

ఆయన కాగితాలు మడిచాడు. విప్పాడు. "సరే, కొత్తదాని సంగతి ఏమంటావ్?" అన్నాడు.

మళ్ళీ అదే మాట నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. "నాకు మగ్గం కావల్ల" అన్నాను.

"మరి ఆర్నెల్ల నుంచి అడుగుతాంటే నా ఇష్టం అంటివే?"

"అన్నా. నా మొగం చూస్తే తెల్వదా?"

"గుంటలో తల వంచుకుని నేస్తాంటావు, నీ మొగం యాడ కనపడ్తాది నాకు?" అన్నాడు. నిజమే. ఆ ఆరునెలలూ ఆయన నా నడినెత్తితోనే మాట్లాడాడు. మా అత్త లోపలి నుంచి, "దానికి మగ్గం పెట్టించురా. పొద్దు వాలినాక నేసి కండ్లు పోతాండాయి దానికి" అంది. నా గుడ్డలో తప్పులు చూపించి ఊరుకున్న మనిషి ఇన్నాళ్ళూ చూసింది తప్పులను కాదని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున ఆయన జరిగింది జరిగినట్టు గాలిలో అందరికీ చెప్పేశాడు. నాకు వినిపించాలని చెవి డిప్పల తీగ పీకేసి మరీ చెప్పాడు. ఒకరు నవ్వారు, ఒకరు దగ్గారు. మైసూరాయన మాత్రం చాలా మర్యాదగా, ఏ రంగు వేశారు మేడమ్ అని అడిగాడు. "నేరేడు రంగు" అని నేను వాకిట్లోంచే అరిచాను. అందిందట.

కొత్త సెట్టు రాలేదు. మగ్గం వచ్చింది. పడసాలలో నేను చూసిపెట్టుకున్న చోటే గుంట తవ్వించాం. మొదటి రోజు స్నానం చేసి, పసుపు పెట్టి, పెద్ద రాజ్యం గెలిచినదానిలాగా దిగి కూర్చున్నాను. వెలుతురు ఉంది, పోగు కనబడుతోంది, వంతు లేదు. ఆ వంతు లేకపోవడమేమిటో సాయంత్రానికి అర్థమైంది. ఇదివరకు పూట పని. ఇప్పుడు పొద్దున్నించీ దీపాలు పెట్టే దాకా పని. కోడి కూసేటప్పటి పని ఎట్లాగూ ఉండనే ఉంది. ఆరునెలలు కుమిలి, దొంగతనంగా ఆరేసి, ఒప్పుకుని, నోరు తెరిచి అడిగి నేను సాధించుకున్నది ఇంకో పూట చాకిరీ. ఇప్పుడు భుజం నొప్పికి నూనె రాసుకుంటూ ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను తలుచుకుంటే, మగ్గం బదులు కాస్త నిద్ర అడగరాదా పిల్లా అనిపిస్తుంది. అడిగేది కాదులెండి. మగ్గానికని చూసిపెట్టుకున్న ఆ చోటులో ఒక్కతే కూర్చుని లేచిన పిల్ల అది. ఈ పూటకి నేసిన గుడ్డ వేలితో తడిమి చూశాను, ఎక్కడా తప్పు లేదు.