రాణిపిల్ల పట్టాభిషేకం

ఆ రోజుల్లో పుస్తకం చదవడమంటే ఒక్కళ్ళే చేసే పనని నాకు తెలియదు. ఇప్పుడు ఎవరి పుస్తకం వాళ్ళు తెరుచుకొని, పక్కవాళ్ళకు తెలియకుండా ఏడ్చి, తెలియకుండానే కళ్ళు తుడుచుకునే చదువరులను చూస్తే కొంచెం జాలేస్తుంది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆర్మూరులో మా వాకిట్లో ఒకే పుస్తకాన్ని నలుగురం చదివేవాళ్ళం. అందులో చదువొచ్చింది నాకొక్కదానికే.

మిగతా ముగ్గురూ బీడీలు చుట్టేవాళ్ళు: నాయనమ్మ, చిన్నమ్మ, పక్కింటి వదిన (నోరు మూతపడదు కాబట్టి వాడకట్టంతా ఆమెను రేడియో వదిన అనేది). ఒళ్ళో చాటలు, చాటల్లో తంబాకు, కత్తిరించిన తునికాకు. నాకూ ఒక చాట ఇచ్చి చూశారు. నేను చుట్టిన బీడీ ఒక కొసన బక్కగా, ఒక కొసన లావుగా తయారయ్యేది. "ఇది బీడీ గాదే, సన్నాయి. కాల్చుడు గాదు, ఊదాలె" అంది వదిన. దాంతో నాయనమ్మ నా చాట గుంజుకొని, "నువ్వు చుట్టకు బిడ్డా, చదువు. మాకు పొద్దువోతది" అని తీర్పిచ్చింది. వాళ్ళు ఆకులు చుడుతుంటే నేను పుటలు తిప్పేదాన్ని. (రెండూ పొగేనని మా బాపు అభిప్రాయం.)

చదివింది పురాణం కాదు. కాలేజీ స్నేహితురాలు ఇచ్చిన ఇంగ్లిషు నవల, ఇటుకంత లావు. అలాంటివి ఐదు. రెక్కలున్న నిప్పుపాము, దాని మీద ఊరేగే దిక్కులేని రాజకుమార్తె, ఆమె కోసం సముద్రాలు దాటిపోయిన పడవవాడు. వాళ్ళ పేర్లు మా నోళ్ళు తిరగక రాణిపిల్ల, పడవాయన అయిపోయారు. నేను ఇంగ్లిషులో కళ్ళు పెట్టి తెలుగులో నోరు తెరిచేదాన్ని. అర్థం కానిచోటల్లా రాణిపిల్లను అన్నానికి కూర్చోబెట్టేసేదాన్ని. ("గీ పొల్ల మస్తు తింటదేందే?" అని వదినకు అనుమానం.)

చిన్నమ్మ మాత్రం నిప్పుపాము సంగతి ఏనాడూ అడగలేదు. రోజూ చాట ముందేసుకుంటూ ఒకటే ప్రశ్న: "పడవాయన ముచ్చట అచ్చిందా బిడ్డా?" మా చిన్నాయన దుబాయిలో ఉన్నాడు. పసుపు తవ్వే వేళకు వస్తానన్నాడు. పసుపు తవ్వారు, ఉడకబెట్టారు, ఆరబోశారు, మార్కెట్టుకు తోలేశారు కూడా. ఈ రెండు ముచ్చట్లకూ ముడిపెట్టి ఎవరమూ పైకి అనలేదు. పడవాయన అధ్యాయం వస్తే మాత్రం రేడియో కూడా ఆగిపోయేది.

ఐదో భాగం ఆఖరిదని అట్ట మీదే రాసి ఉంది. ఆ లోకం మూసేస్తే నేనెక్కడికి పోవాలి? అందుకని రోజుకు ఒకటి రెండు పుటలు మించకుండా, ఉన్న వాక్యాన్నే పిండి సాగదీసినట్టు సాగదీసేదాన్ని.

"ఏందే పొల్లా, నీ పడవ పోచంపాడు కాల్వల గిట్ల ఇరికిందా? నిన్న గదే తెరచాప, ఇయ్యాల గదే తెరచాప!" అంది వదిన.

"గాలి లేదు వదినా."

"గాలి లేకుంటే తెడ్డెయ్యుమను!"

నాయనమ్మ, మిగిలిన పుటల మందం వేళ్ళతో పట్టి చూసి, "బేస్తారం పట్టాభిషేకం" అని ముహూర్తమే పెట్టేసింది. మావైపు పురాణం ముగిసిందంటే పట్టాభిషేకం చదివి, కొబ్బరికాయ కొట్టి, చదివినవాళ్ళకు బట్టలు పెడతారు. "ఇది పురాణం కాదు నాయనమ్మా, నవల" అని మొత్తుకున్నాను. "ఏదైతేంది? ఇన్నొద్దులు చెవులొగ్గి ఇన్నం. పట్టాభిషేకం గాకుంట పుస్తకం మూస్తే ఇంటికి మంచిది గాదు" అంది. నా బాధ వేరు. ఆగలేక ఆఖరి పుట ముందే తొంగిచూశాను. అందులో సింహాసనమన్న మాటే లేదు.

బేస్తవారం వచ్చింది. వాకిట్లో ముగ్గు, పొయ్యి మీద పరమాన్నం. చిన్నమ్మ చాట లేకుండా, దాచుకున్న చీర కట్టుకొని కూర్చుంది. ఆ చీర చూశాక పుస్తకం తెరవబుద్ధి కాలేదు. అయినా చదివాను. యుద్ధం ముగిసింది. కిరీటం ఇసుకలో పడి ఉంది. రాణిపిల్ల ఒడ్డున ఒక్కతే కూర్చుంది. చీకటి పడింది. దూరంగా సముద్రంలో ఒక లాంతరు కనిపించింది.

"ఊఁ?" అంది వదిన.

"అయిపోయింది."

"అయిపోవుడేంది! అచ్చిండా, రాలేదా?"

"రాయలేదు వదినా. లాంతరు కనిపించింది, అంతే."

"గీ రాసినోడు నా చేతికి దొరకాలె, తునికాకుల వెట్టి చుడత!"

చిన్నమ్మ నన్నే చూస్తోంది. ఇంగ్లిషు ఎవరికీ రాదు కదా, పడవాయనను ఒడ్డుకు లాగేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆమే అడిగింది. "గా లాంతరు పడవలదేనా బిడ్డా?"

"పడవలోదే చిన్నమ్మా."

"అయితే అచ్చినట్టే."

"గట్లెట్ల?" అంది వదిన.

"శంషాబాద్‌ల దిగిన అని ఫోన్ అస్తది. గక్కడికెల్లి ఆర్మూరు దాంక దార్ల ముచ్చట ఎవలన్న రాస్తరా వదినా? మేడ్చల్ దాటిండు, కామారెడ్డిల చాయ్ తాగిండు... పాపం, గదంత ఏం రాస్తడు? లాంతరు కనవడ్డదంటే ఇగ ఇంటికాడ నీళ్ళు కాగవెట్టుడే."

"మరి కిరీటం ఇసుకల వడ్డదాయె, నెత్తిన వెట్టేటోళ్ళేరి?" అంది వదిన. "మనం లేమా?" అని నాయనమ్మ లేచి, అట్ట మీది రాణిపిల్లకు బొట్టు పెట్టి, అక్షింతలు వేసింది. (నిప్పుపాముకూ పెట్టింది. పామన్నాక పెట్టకపోతే ఎలా?) నా చేతిలో ఒక జాకెట్ ముక్క పెట్టారు. నేను దాంట్లోనే మొహం దాచుకొని ఏడ్చాను.

"ఏడ్వకు బిడ్డా, మంచిగనే అయిపాయె గదా" అంది చిన్నమ్మ. అయిపోయినందుకే ఏడుస్తున్నానని ఆమెకెలా చెప్పను?

చిన్నాయన ఆ ఎండాకాలం రాలేదు. మరుసటేడు వచ్చాడు. వాడకట్టు ఆడవాళ్ళంతా తనను చూసి ముసిముసిగా "పడవాయన" అంటుంటే ఎందుకో ఆయనకు అంతుపట్టలేదు. పుస్తకాన్ని మాత్రం నా స్నేహితురాలు వెనక్కి తీసుకోలేదు. బొట్టు చూసి, దేవుడి అరలో పెట్టుకొమ్మంది.

ఈ మధ్య ఇంకో సిరీస్ ఆఖరి భాగం వచ్చింది. హైదరాబాదులో ఆఫీసుకు పోయే బస్సులో, ఫోన్‌లో, ఒక్కదాన్నే చదివి ముగించాను. వెంట్రుకలు నెరుస్తున్న మనిషిని, ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేక, పక్క సీటులో ఉన్న ముక్కూమొహం తెలియని ఆమెతో "అయిపోయిందండీ" అన్నాను. ఆమె గాభరాగా కిటికీలోంచి చూసి, "అయ్యో, ఏ స్టాపు?" అంది.

"మీది కాదులెండి, నాదే" అన్నాను నవ్వుతూ.